లాగే చక్రాలు రెండా, నాలుగా?

మా షాపుకు వచ్చే తెలుగు కుర్రాళ్లలో స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది ఇదే. "అన్నా, రియర్ వీల్ డ్రైవ్ తీసుకోమంటావా, ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోమంటావా?" అడగాల్సిన ప్రశ్నే. కారు కొన్నాక రంగు మార్చుకోవచ్చు, రిమ్ములు మార్చుకోవచ్చు, ఖర్చుకు వెనకాడకపోతే సస్పెన్షన్ మొత్తం మార్చుకోవచ్చు. ఇంజన్ బలం ఏ చక్రాలకు వెళ్లాలన్నది మాత్రం ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది. తర్వాత చేయగలిగింది ఏమీ లేదు.

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీల కింద పడుకుని. ఇప్పుడు చేస్తున్నది న్యూజెర్సీలో, స్పోర్ట్స్ కార్ల అలైన్‌మెంట్, సస్పెన్షన్, డ్రైవ్‌లైన్ పనులు. వేసవిలో కొన్ని వారాంతాలు మిల్‌విల్‌లోని న్యూజెర్సీ మోటార్‌స్పోర్ట్స్ పార్క్‌కు వెళ్తాను. సొంత కార్లు ట్రాక్ మీద నడుపుకోవడానికి వచ్చేవాళ్ల బండ్లను లోపలికి వదిలే ముందు బ్రేకులు, టైర్లు, చక్రాల నట్లు చూసి పంపుతాను. రెండు చోట్లా నా కళ్లు ముందు టైరు మీదికే పోతాయి. కారు ఎలా నడిచిందో, నడిపినవాడికి ఏం వచ్చో, ఏం రాదో టైరు చెప్పేస్తుంది.

ఆల్ వీల్ డ్రైవ్ గురించి జనంలో ఉన్న నమ్మకం ఒకటుంది. నాలుగు చక్రాలూ పట్టుకుంటాయి కాబట్టి కారు అన్ని విధాలా భద్రం అని. ఈ నమ్మకంతోనే నాకు తగువు. నాలుగు చక్రాలకు బలం వెళ్లడం వల్ల కారు ముందుకు కదలడం తేలికవుతుంది. ఆగడానికి అది అక్కరకు రాదు, ఎందుకంటే బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉన్నవే. వేగంగా మలుపులోకి దిగేటప్పుడు కారును రోడ్డుకు కట్టి ఉంచేది టైరు రబ్బరు. ఆ రబ్బరుకు తన వెనక ఎన్ని షాఫ్టులు తిరుగుతున్నాయో తెలియదు.

టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. లాగడానికీ, ఆపడానికీ, తిప్పడానికీ అందులోంచే తీయాలి. లాగడానికి ఎంత వాడితే తిప్పడానికి అంత తగ్గుతుంది. వెనక చక్రాలు మాత్రమే లాగే కారులో ముందు టైర్లకు లాగే పని లేదు. వాటి పట్టంతా మలుపు తిరగడానికీ, బ్రేకు వేసినప్పుడు ఆపడానికీ మిగులుతుంది. స్టీరింగ్ చేతిలో తేటగా ఉందని మంచి డ్రైవర్లు అంటారే, దాని మూలం ఇక్కడుంది. నాలుగు చక్రాల కారులో మలుపు దాటుతూ యాక్సిలరేటర్ తొక్కితే ముందు టైర్ల మీద రెండు పనులూ ఒకేసారి పడతాయి. హద్దు దాటితే కారు మలుపు విప్పుకుని బయటివైపు పోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. వెనక చక్రాల కారులో హద్దు దాటితే వెనక భాగం బయటికి జారుతుంది, అది ఓవర్‌స్టీర్. మొదటిది నెమ్మదిగా మొదలవుతుంది, మామూలు మనిషిని తక్కువ బెదిరిస్తుంది. రెండోది త్వరగా వస్తుంది, చేతులు త్వరగా కదలాలి. ఇవాళ్టి కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి ఈ రెండింటినీ సరిదిద్దుతుంది. పాత రోజుల్లో వెనక చక్రాల స్పోర్ట్స్ కారుకు ఉన్న భయంకరమైన పేరు చాలావరకు దానివల్లే పోయింది. ఇప్పటికీ ఆ పాత భయంతోనే నాలుగు చక్రాలది కొనేవాళ్లను చూస్తుంటాను. వాళ్లకు నేను చెప్పేది, మీరు భయపడుతున్న కారును ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదని.

ఇక లాగడం సంగతి. ఆటోనగర్‌లో మాకు ఈ పాఠం ఖాళీ లారీ చెప్పింది. వానకు తడిసిన ఏటవాలు మీద ఖాళీ లారీ వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. అదే బండి బస్తాలతో నిండుగా ఉంటే అదే ఏటవాలు మెల్లగా, మొండిగా ఎక్కేసేది. "బరువు మీదుంటే లాగుద్ది" అనేవాళ్లు డ్రైవర్లు. లాగే చక్రాల మీద ఎంత బరువు ఉంటే అంత పట్టు. స్పోర్ట్స్ కారుకూ ఇదే లెక్క. అందుకే ఇంజన్ ఎక్కడుందో చెప్పకుండా రియర్ వీలా, ఆల్ వీలా అని అడిగితే నేను జవాబు చెప్పను.

పోర్షే 911 తీసుకోండి. ఇంజన్ వెనక ఇరుసు కంటే కూడా వెనక ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడే బరువులో నూటికి 60 పాళ్లకు పైగా వెనక చక్రాల మీద ఉంటుంది. గట్టిగా తొక్కితే బరువు ఇంకా వెనక్కి వాలుతుంది. ఆ కారు ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. బరువు కేంద్రం నేలకు అర మీటరు ఎత్తులో ఉందనుకుని లెక్క కడితే, 1,500 కిలోల కారు గట్టిగా ముందుకు దూకేటప్పుడు ముందు నుంచి వెనక్కి సుమారు 250 కిలోలు మారతాయి. అంటే ఆ క్షణంలో బరువులో నాలుగింట మూడు వంతులకు మించి లాగే చక్రాల మీదే ఉంటుంది. నింపిన లారీ అన్నమాట.

ఇప్పుడు కంపెనీలు ఇచ్చిన అంకెలు చూడండి. 2019లో వచ్చిన 992 తరం 911లో వెనక చక్రాల కరేరా ఎస్, నాలుగు చక్రాల కరేరా 4ఎస్ రెండింటికీ ఒకే ఇంజన్, 443 హార్స్‌పవర్. స్పోర్ట్ క్రోనో ప్యాకేజీతో సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి మొదటిది 3.5 సెకండ్లలో వెళ్తుంది, రెండోది 3.4లో. తేడా సెకండులో పదో వంతు. అదే 2021లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం4 కాంపిటిషన్‌లో ఇంజన్ ముందుంది, 503 హార్స్‌పవర్. వెనక చక్రాలది 3.9 సెకండ్లు, నాలుగు చక్రాల ఎక్స్‌డ్రైవ్ 3.5. ముందు ఇంజన్ కారుకు నాలుగు చక్రాలు ఇచ్చిన లాభం నాలుగు రెట్లు. రెండు కార్ల కింద నిలబడి చూసేవాడికి ఇందులో ఆశ్చర్యం లేదు. బీఎండబ్ల్యూలో లాగే చక్రాల మీద సగం బరువే. అంత టార్క్‌ను రెండు టైర్లు రోడ్డులోకి దించలేవు, మిగిలింది పొగై పోతుంది. 911 టైర్ల మీద బరువు ముందే కూర్చుని ఉంది.

అందుకని ఎం4 లాంటి కారు ఏడాది పొడవునా నడపాలనుకునేవాడికి నేను ఎక్స్‌డ్రైవ్ వైపు చూడమంటాను. ఎం కార్లలో ఆ వ్యవస్థకు ఇంకో సుగుణం ఉంది: స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా తీసేస్తే ముందు చక్రాలను విడగొట్టి వెనక చక్రాలతోనే నడుపుకోవచ్చు. 2017లో ఎం5తో మొదలుపెట్టారు దీన్ని. ముందు ఇరుసుకు పెట్టిన ఇనుము బరువు మాత్రం ఏ బటన్ నొక్కినా దిగదు. మాన్యువల్ గేరు కావాలనుకుంటే వెనక చక్రాలదే తీసుకోవాలి, ఎక్స్‌డ్రైవ్‌కు ఆటోమేటిక్ ఒక్కటే ఇస్తున్నారు. గేరు చేత్తో వేసుకోవాలన్న కోరిక ఉన్నవాడికి ప్రశ్న అక్కడితో అయిపోతుంది.

ఈ బరువు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా పనిలో సగం దాని చుట్టూనే తిరుగుతుంది. పోర్షే 911కి నాలుగు చక్రాల డ్రైవ్ మొదటిసారి మామూలు అమ్మకానికి పెట్టింది 1989లో, 964 తరంలో. అప్పుడు ముందు వచ్చింది కరేరా 4, వెనక చక్రాల కరేరా 2 ఆ తర్వాత వచ్చింది. టార్క్‌ను మామూలుగా ముందుకు 31, వెనక్కి 69 పాళ్లుగా పంచేది. కరేరా 2 బరువు 1,350 కిలోలు, కరేరా 4 బరువు 1,450. నూరు కిలోలు ఎక్కువ, అదీ చాలావరకు కారు ముందు భాగంలో. స్టీరింగ్ బరువెక్కిందనీ, కారు మలుపులోకి దిగడానికి బద్ధకిస్తోందనీ 911 అభిమానులు మొత్తుకున్నారు. తర్వాతి 993లో సిలికోన్ ద్రవంతో పనిచేసే విస్కస్ కప్లింగ్ పెట్టి ఆ అదనాన్ని సగానికి తెచ్చారు. 992లోనూ తేడా 50 కిలోలే: 1,515కు 1,565. ఇప్పుడు ముందు ఇరుసు దగ్గర ఎలక్ట్రానిక్స్ అదుపులో ఉండే క్లచ్ ప్లేట్ల కట్ట ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి ముందుకు వచ్చే షాఫ్టు బలాన్ని ఆ ప్లేట్లు అవసరమైనంతే ముందు చక్రాలకు వదులుతాయి. పొడి రోడ్డు మీద నెమ్మదిగా పోయేటప్పుడు ఇంచుమించు వెనక చక్రాల కారులాగే నడుస్తుంది. 964ను, 992ను ఒకే వారంలో లిఫ్టు ఎక్కించే అవకాశం వచ్చిన మెకానిక్‌కు ఈ ముప్పై ఏళ్ల ఇంజనీరింగ్ కళ్ల ముందు ఉంటుంది. చూడముచ్చటైన పని. బరువు తగ్గించిన ప్రతి బ్రాకెట్ వెనక ఎవరో రాత్రిళ్లు కూర్చుని ఉంటారు.

స్పోర్ట్స్ కారుకు నాలుగు చక్రాల డ్రైవ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా కొనేవాడు తెలుసుకోవాలి; అది ఏ రోడ్డు కోసం పుట్టిందో దాంతో తెలుస్తుంది. 1961లో ఇంగ్లండ్‌లోని ఔల్టన్ పార్క్‌లో, తడి ట్రాక్ మీద, స్టర్లింగ్ మాస్ ఫెర్గూసన్ పీ99 అనే నాలుగు చక్రాల ఫార్ములా వన్ కారుతో గోల్డ్ కప్ గెలిచాడు. 1969లో లోటస్, మాట్రా, మెక్‌లారెన్ కంపెనీలు అదే దారిలో ప్రయత్నించి వదిలేశాయి. పొడి ట్రాక్ మీద వెడల్పు టైర్లు, రెక్కలు ఇచ్చే పట్టు ముందు ఆ అదనపు బరువు గిట్టుబాటు కాలేదు. తర్వాత 1980లో జెనీవా ప్రదర్శనలో ఆడి క్వాట్రో వచ్చింది. మరుసటి ఏడాది దాంతో మిషెల్ ముటోన్ సాన్‌రెమో ర్యాలీ గెలిచింది. మట్టి, కంకర, మంచు మీద రెండు చక్రాల కార్లకు రోజులు చెల్లాయని అందరికీ అర్థమైంది. అయినా 1983లో కంపెనీల ప్రపంచ ర్యాలీ టైటిల్ గెలిచింది వెనక చక్రాల లాంచియా 037. మోంటె కార్లోలో, కోర్సికాలో తారు రోడ్ల మీద ఆ తేలిక కారు క్వాట్రోను వెనక్కి నెట్టింది. వెనక చక్రాల కారు ఆ టైటిల్ గెలవడం అదే ఆఖరు. ఈ కథలో రెండు వైపులా నిజముంది. పట్టు లేని నేల మీద నాలుగు చక్రాలకు సాటి లేదు. పట్టున్న నేల మీద తేలికదనం పోటీ పడగలదు. మన రోడ్డు ఈ రెండింటిలో ఏదన్నది మనం తేల్చుకోవాలి.

న్యూజెర్సీలో ఏడాదిలో ఎక్కువ భాగం రోడ్డు పట్టున్నదే. డిసెంబరు నుంచి మార్చి దాకా మాత్రం నమ్మడానికి లేదు. ఆ నెలల్లో మా షాపుకు టో ట్రక్ మీద వచ్చే స్పోర్ట్స్ కార్లలో నాలుగు చక్రాలవి తక్కువేమీ ఉండవు. వాటికి ఒక కథ ఉంటుంది, ఊరు మారుతుందిగానీ కథ మారదు. మంచు పడ్డ పొద్దున కారు ఇంటి ముందు ఏటవాలు సునాయాసంగా ఎక్కింది. పక్కవాళ్ల కారు జారుతుంటే మనది ఎక్కిందన్న ధైర్యం వచ్చింది. అవతలివైపు దిగేటప్పుడు స్టాప్ గుర్తు దగ్గర బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. చక్రం రోడ్డంచు రాతికి కొట్టుకుంది. రిమ్ము పగిలి, కంట్రోల్ ఆర్మ్ వంగి మా దగ్గరకు వచ్చింది. కింద చూస్తే వేసవి టైర్లు.

లెక్క ఇది. పొడి తారు మీద మంచి టైర్లతో గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి కారు సుమారు పది మీటర్లలో ఆగుతుంది. మంచు మీద పట్టు ఐదో వంతుకు పడిపోతే అదే కారుకు యాభై మీటర్లు కావాలి. దిగుడు అయితే ఇంకా ఎక్కువ. ఈ యాభై మీటర్లలో ఆల్ వీల్ డ్రైవ్ ఒక్క మీటరు కూడా తగ్గించదు. తగ్గించేది టైరు. వేసవి స్పోర్ట్స్ టైరు రబ్బరు వేడిలో మెత్తబడి పట్టుకునేలా కలిపిన మిశ్రమం. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే గట్టిపడడం మొదలవుతుంది. గడ్డకట్టే చలి బాగా ముదిరితే కొన్ని టైర్లకు బీటలు కూడా పడతాయి. చలికాలపు టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద చెక్కిన సన్నని గీతలు మంచును కరిచి పట్టుకుంటాయి. చలికాలపు టైర్లు వేసిన వెనక చక్రాల 911, వేసవి టైర్లతో ఉన్న నాలుగు చక్రాల 911 కంటే జనవరిలో అన్ని విధాలా మేలు. ఇందులో నాకు సందేహం లేదు. 992 వచ్చినప్పుడు అమెరికాలో కరేరా ఎస్‌కూ 4ఎస్‌కూ ధరలో తేడా 7,300 డాలర్లు. అంత డబ్బుకు చలికాలపు టైర్ల సెట్, వాటికి విడి రిమ్ములు వచ్చేస్తాయి. ఆల్ వీల్ డ్రైవ్‌కు డబ్బు పెట్టి టైర్ల దగ్గర చెయ్యి బిగించడం నేను చూసే పొరపాట్లన్నిటిలోకీ ప్రమాదకరమైనది. దీని గురించి ఎంత గట్టిగా చెప్పినా నాకు తృప్తి ఉండదు.

నాలుగు చక్రాలది తీసుకోమని నేను మారుమాట లేకుండా చెప్పే సందర్భాలూ ఉన్నాయి. ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ ఆస్పత్రిలో పనిచేసే డాక్టరు గారు ఒకామె, 911 కొనాలని ఎన్నాళ్లుగానో దాచుకున్న కోరిక. "అన్నగారూ, నాకు రాత్రి రెండింటికి ఫోన్ వస్తే అరగంటలో ఆపరేషన్ థియేటర్‌లో ఉండాలి. రోడ్డు మీద ఉప్పు చల్లే బండి ఇంకా రాకముందే నేను బయల్దేరాల్సి వస్తుంది. ఇంట్లో ఇంకో కారు లేదు" అన్నారు. "అయితే మీకు కరేరా 4 కావాలమ్మా, దాంతోపాటు నవంబరులో చలికాలపు టైర్లు. రెండూ కలిస్తేనే నేను సరే అంటాను" అన్నాను. ఏటవాలు మీద మంచులో కారు కదలకపోవడం ఆమె విషయంలో చిన్న ఇబ్బంది కాదు. అక్కడ ఇంకొకరి ప్రాణం ఎదురుచూస్తోంది. కదలడానికి నాలుగు చక్రాలు, ఆగడానికి సరైన టైర్లు. ఏటా నవంబరులో ఆమె కారు మా షాపుకు వస్తుంది, ఏప్రిల్‌లో మళ్లీ వస్తుంది.

ప్లెయిన్స్‌బరో నుంచి వచ్చిన ఒక కుర్రాడి సంగతి వేరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ ఆఫీసుకు టొయోటా ఎస్‌యూవీ. స్పోర్ట్స్ కారు శని, ఆదివారాలకు. "చలికాలం గరాజ్‌లోనే అన్నా, బ్యాటరీకి చార్జర్ తగిలించి కవర్ కప్పేస్తా" అన్నాడు. మరి నాలుగు చక్రాలు ఎందుకంటే, రీసేల్ బాగుంటుందని ఎవరో చెప్పారట. నేను అతన్ని వర్షం పడ్డ రోజు రెండూ నడిపి చూడమన్నాను. పొడిరోజు టెస్ట్ డ్రైవ్‌లో ఈ రెండు కార్ల మధ్య తేడా డీలరు చుట్టుపక్కల వీధుల్లో దొరకదు. తడి రోజు, హద్దులోపు వేగంలోనే, చిన్న రౌండబౌట్ దాటుతూ యాక్సిలరేటర్ మెల్లగా పెంచితే చాలు. ఒక కారు వెనక నుంచి తోస్తున్నట్టు నడుములో తెలుస్తుంది, ఇంకోటి ముందు నుంచి కూడా లాగుతున్నట్టు అరచేతుల్లో తెలుస్తుంది. మనసుకు ఏది నచ్చితే అది. అతను వెనక చక్రాలదే తెచ్చుకున్నాడు. నాకు సంతోషం వేసింది, దాచుకోను.

ఎందుకంటే నా ఇష్టం అటే. ఆనందం కోసం నడిపే కారుకు, అదీ ఇంజన్ మధ్యలోనో వెనకో ఉన్న కారుకు, లేదా బలం మితంగా ఉన్న తేలిక కారుకు, రెండు చక్రాలు చాలని నా నమ్మకం. మాజ్డా ఎంఎక్స్-5 చూడండి. సుబారు చూడండి, ఆల్ వీల్ డ్రైవ్‌కు పెట్టింది పేరైన ఆ కంపెనీ టొయోటాతో కలిసి చేసిన బీఆర్‌జెడ్‌ను మాత్రం వెనక చక్రాలతోనే దించింది. కారు తేలిగ్గా, ఇంజన్ కిందికి ఉండాలనుకున్నప్పుడు వాళ్లు కూడా ముందు ఇరుసుకు డ్రైవ్ ఇవ్వడం వదిలేశారు. పోర్షే జీటీ3 1999లో మొదలైనప్పటి నుంచి ఇవాళ్టి దాకా వెనక చక్రాల కారే. అదే కంపెనీ 911 టర్బోకు మాత్రం 1995లో 993 నుంచి నాలుగు చక్రాలు ఇస్తూ వచ్చింది. 2020లో వచ్చిన 640 హార్స్‌పవర్ టర్బో ఎస్ లాంటి కారును ఏ వాతావరణంలోనైనా ఎవరైనా నడపగలగాలంటే వేరే దారి లేదు. రెండు కార్లూ ఇద్దరు వేర్వేరు మనుషులను మనసులో పెట్టుకుని చేసినవి. కొనేవాడు తాను ఆ ఇద్దరిలో ఎవరో చూసుకుంటే సరిపోతుంది.

ట్రాక్ మీద నేర్చుకోవాలని వచ్చేవాళ్ల విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. మిల్‌విల్‌లో సెషన్ అయ్యాక కార్లు వరసగా పిట్‌లోకి వస్తుంటే టైర్ల భుజాలు చూస్తూ నడుస్తాను. ముందు ఇంజన్, నాలుగు చక్రాల బరువైన కారు నడిపిన కొత్తవాడి ముందు టైర్ల బయటి అంచు చిరిగి ఉంటుంది. మలుపులోకి ఎక్కువ వేగంతో వచ్చి, స్టీరింగ్ ఇంకా తిప్పి, తొందరపడి యాక్సిలరేటర్ తొక్కి ఉంటాడు. కారు అతన్ని బయటపడేసింది కాబట్టి చేసిందేమిటో అతనికి తెలియదు. తిన్నగా ఉన్నచోట ఆ కారు దూసుకుపోతుంది కాబట్టి తర్వాతి మలుపుకు ఇంకా వేగంగా చేరుతుంది. బ్రేకు డిస్కులు నీలం తిరిగి ఉంటాయి. వెనక చక్రాల మితమైన కారులో కొత్తవాడు అదే పని చేస్తే వెనక భాగం వెంటనే కాస్త కదిలి చెబుతుంది. తక్కువ వేగంలోనే చెబుతుంది. పక్క సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ నోరు తెరిచేలోపే పాఠం అందుతుంది. మధ్యాహ్నానికి ఆ కుర్రాడి పాదం మెత్తబడి ఉంటుంది. టైరు అరుగుదల చూసి నేను ఆ తేడా చెప్పగలను.

నడపడానికి బాగుంటే సరిపోదు, పోషించడం కూడా చూసుకోవాలి. నాలుగు చక్రాల కారుకు అదనంగా ముందు డిఫరెన్షియల్, దాని ఆయిల్, ముందు ఇరుసు షాఫ్టులు, వాటి రబ్బరు బూట్లు, మధ్య షాఫ్టు బేరింగులు. ఇవి పెద్ద లెక్కలో ఖరీదైనవి కావు, వేళకు చూసుకుంటే చాలాకాలం వస్తాయి. జాగ్రత్త పడాల్సింది టైర్ల దగ్గరే. 992 కరేరా ఎస్‌లో, 4ఎస్‌లో ముందు చక్రం 20 అంగుళాలు, వెనకది 21. చుట్టుకొలతల్లో తేడా ఉంది, ఆ తేడాను లెక్కలోకి తీసుకునే కారును తయారుచేశారు. వెనక టైర్లు ముందరి వాటికంటే త్వరగా అరుగుతాయి, అది మామూలే. అరిగిన వాటిని మాత్రమే మార్చి, ముందు సగం అరిగినవి అలాగే ఉంచితే? కొత్త టైరుకూ, ఐదు మిల్లీమీటర్లు అరిగిన టైరుకూ చుట్టుకొలతలో ఇంచుమించు ఒకటిన్నర శాతం తేడా. కిలోమీటరుకు పదిహేను మీటర్లు. హైవే మీద గంటల తరబడి ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒప్పుకోని వేగాలతో తిరుగుతుంటే మధ్యలో ఉన్న క్లచ్ ప్లేట్లు ఆ తేడాను రాపిడితో మింగుతుంటాయి, వేడెక్కుతాయి. పాత విస్కస్ కప్లింగులు ఇలాగే బిగుసుకుపోతాయి. వెనక చక్రాల కారులో ముందు టైరు ఎంత అరిగినా డ్రైవ్‌లైన్‌కు పట్టింపు లేదు.

అందుకే పాత ఆల్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు చూపించడానికి ఎవరైనా తీసుకొస్తే, నేను ఇంజన్ మూత తెరవకముందే నాలుగు టైర్ల లోతూ గేజ్‌తో కొలుస్తాను. నాలుగూ ఒకే రకమా, పోర్షే అయితే పక్కన ఎన్ అక్షరంతో ఆ కంపెనీ ఆమోదించిన గుర్తు ఉందా, తయారీ వారం ఏది, అన్నీ చూస్తాను. తర్వాత ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడుపుతాను. కారు పట్టేసినట్టు కుదుపులతో కదిలితే మధ్య కప్లింగ్ బిగిసి ఉండొచ్చు. మలుపులో టకటకమని చప్పుడైతే ముందు ఇరుసు జాయింట్ వంక చూడాలి. కొనేవాడు డబ్బు కట్టకముందు ఈ పది నిమిషాలు కేటాయించడం తప్పనిసరి.

ఈమధ్య ఇంకో రకం మా లిఫ్టు ఎక్కడం మొదలైంది. 2023లో వచ్చిన కార్వెట్ ఈ-రే. కార్వెట్ చరిత్రలో నాలుగు చక్రాలు లాగే మొదటి బండి. వెనక చక్రాలను వీ8 తిప్పుతుంది. ముందు ఇరుసుకు 160 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటారు. రెండింటి మధ్య షాఫ్టు లేదు, క్లచ్ ప్లేట్ల కట్ట లేదు. ముందు చక్రాలకు ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇనుప కప్లింగ్ కంటే మోటారు త్వరగా స్పందిస్తుంది. మలుపు మధ్యలో ముందు టైర్ల పట్టును దోచుకోకుండా, బయటికొచ్చే చివర మాత్రమే సాయం చేయించడం ఇలాంటి కారులో తేలిక. అయితే బ్యాటరీ, మోటారు బరువు కారు మోయాలి, ఆ బరువును మలుపులో టైరే పట్టుకోవాలి. ఈ-రే మీద నా మనసు ఇంకా గట్టిపడలేదు. తడి రోడ్డు మీద ఆ ముందు మోటారు చేసే పని చూశాక మాత్రం తీసిపారేయలేను. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి ఇప్పుడు ఆ ముందు ఇరుసు పనే నేర్పుతున్నాను: ముందు హై వోల్టేజ్ లైన్ విడదీయడం, రబ్బరు తొడుగులు వేసుకుని మీటరుతో కరెంటు లేదని తేల్చుకోవడం, ఆ తర్వాతే స్పానర్ పట్టుకోవడం.